తీగ లాగేముందు అడగాల్సినవాళ్లు

ఖిలా వరంగల్‌లో కోట లోపలే ఊరుంది, ఊరి మధ్యలోనే పొలాలున్నాయి. రాతి కోట, దాన్ని చుట్టి కందకం, ఆ వెలుపల మట్టి కోటలు. ఈ వలయాల నడుమ ఇళ్లు, బడులు, వరి మడులు, కూరగాయల తోటలు. నట్టనడుమ స్వయంభూ దేవాలయ శిథిలాలు, నాలుగు కీర్తి తోరణాలు, కాస్త దూరంలో కుష్ మహల్. కట్టడాలకు కాపలా పురావస్తు శాఖది, వీధులకు బాధ్యత గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థది, పొలాలకు పాస్ పుస్తకాలు రైతులవి. ఇలాంటి చోటికి దగ్గర్లో ఒక హైటెన్షన్ లైను పోవాల్సి వచ్చిందనుకోండి. ఎటు నుంచి పోవాలో ఎవరు చెప్పాలి? అసలు ఆ లైను కావాలో వద్దో ఎవరు తేల్చాలి? దాని ఖర్చు ఎవరి కరెంటు బిల్లులో పడుతుంది?

వరంగల్‌కు ఇవి ఊహా ప్రశ్నలు కావు. మహారాష్ట్రలోని వరోరా నుంచి వరంగల్ మీదుగా చిలకలూరిపేటకు, హైదరాబాద్‌కు, కర్నూలుకు సాగే 765 కేవీ లైన్ల పథకంలో వరంగల్ ప్రధాన కూడలి. ఆ పథకం కోసం ఇక్కడ కొత్త 765 కేవీ సబ్‌స్టేషన్ వచ్చింది. పనిని 2016లో పోటీ టెండరులో ఎస్సెల్ సంస్థకు అప్పగించారు. 2021లో అది అదానీ ట్రాన్స్‌మిషన్ చేతికి వెళ్లింది. 2023లో పూర్తయింది. మొత్తం 1,756 సర్క్యూట్ కిలోమీటర్లు. పశ్చిమ, దక్షిణ ప్రాంతాల మధ్య 4,500 మెగావాట్లు పంపగల సామర్థ్యం. ఇంత పెద్ద నిర్ణయంలో ఇంజినీర్లు, బ్యాంకులు, టెండరు వేసిన కంపెనీలు మొదటి రోజు నుంచీ ఉంటారు. తీగ కింద బతికేవాళ్లు, బిల్లు కట్టేవాళ్లు మాత్రం చివర్న వస్తారు.

వాళ్లను ముందే పిలవాలని అనగానే అది మర్యాద విషయమనో, న్యాయం విషయమనో అనుకుంటాం. న్యాయం ఎలాగూ ఉంది. దాంతోపాటు ఇది లెక్క విషయం. లైను వల్ల ఎంత లాభం, ఎంత ఖర్చు, ఎన్నాళ్లకు పూర్తవుతుంది అని వేసే అంచనాలో సగం అంకెలు ఆ ఊళ్లవాళ్ల దగ్గరే ఉంటాయి. వాళ్లను అడగకుండా వేసిన లెక్క తప్పుతుంది. ఆ తప్పుకు డబ్బు కట్టేది మళ్లీ మనమే.

లైను లాభం ఎక్కడ పుడుతుంది

ట్రాన్స్‌మిషన్ లైను వేయడానికి స్థూలంగా రెండు కారణాలుంటాయి. మొదటిది భద్రత. ఒక లైను తెగినా, ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఆగినా ఊళ్లు చీకట్లో పడకుండా ఇంకో దారి ఉండాలి. రెండోది పొదుపు. చవగ్గా కరెంటు తయారయ్యే చోటి నుంచి, ఖరీదుగా కొనాల్సి వస్తున్న చోటికి దారి వేయడం. ఆర్థిక ప్రణాళిక అంటే ముఖ్యంగా ఈ రెండోది.

దీని విలువ తెలుగువాళ్లకు అనుభవంతో తెలుసు. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు వారానికి మూడు రోజులు విద్యుత్ సెలవు ప్రకటించారు. అదే కాలంలో పవర్ ఎక్స్ఛేంజీలో దక్షిణాది ధర దేశంలోని మిగతా ప్రాంతాల ధర కంటే చాలా ఎక్కువగా ఉండేది. పడమర, తూర్పు ప్రాంతాల్లో కరెంటు ఉన్నా, దాన్ని ఇటు తెచ్చే దారి ఇరుకు. దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఒకే లయలో నడిచేది కాదు. మహారాష్ట్రలోని భద్రావతి, మన గాజువాక దగ్గరి డీసీ కేంద్రాల ద్వారా, ఒడిశాలోని తాల్చేరు నుంచి కర్ణాటకలోని కోలారుకు వేసిన డీసీ లైను ద్వారానే ప్రధానంగా, అదీ పరిమితంగా కరెంటు వచ్చేది. 2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. వరోరా–వరంగల్ లైను ఆ దారిని ఇంకా వెడల్పు చేసిన పథకాల్లో ఒకటి.

ఇలాంటి దారి ఎంత ఆదా చేస్తుందో ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. అవతలి ప్రాంతంలో యూనిట్ మన దగ్గరి కంటే 2 రూపాయలు చవక అనుకుందాం. లైను 500 మెగావాట్లు తెస్తే గంటకు 5 లక్షల యూనిట్లు. ఆదా గంటకు 10 లక్షల రూపాయలు. రోజుకు 12 గంటలే ఈ తేడా ఉన్నా ఏడాదికి దాదాపు 438 కోట్లు. దీనికి తోడు తీగల్లో నష్టం తగ్గుతుంది. తీగలో వృథా అయ్యే కరెంటు అందులో ప్రవహించే ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది. అంతే శక్తిని 400 కేవీకి బదులు 765 కేవీలో పంపితే ఆంపియర్లు దాదాపు సగమవుతాయి. అదే నిరోధం ఉన్న తీగలో నష్టం నాలుగో వంతుకు కాస్త పైన తేలుతుంది.

మరి ఈ 2 రూపాయల తేడా ఎన్నేళ్లుంటుంది? ఆర్థిక ప్రణాళికకు గుండెకాయ లాంటి ప్రశ్న ఇదే. లైను బతుకు 35 ఏళ్లు. ఈ 35 ఏళ్లలో వరంగల్ చుట్టుపక్కల ఎంత కరెంటు కావాలి? గీసుకొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో ఎన్ని మిల్లులు వస్తాయి? రైతుల మోటార్లు పగటి సోలారు వైపు మళ్లుతాయా? దేవాదుల ఎత్తిపోతల పంపులు ఏ నెలల్లో ఎన్ని గంటలు తిరుగుతాయి? తెలంగాణ గరిష్ఠ డిమాండు 2025 మార్చిలో 17 వేల మెగావాట్లు దాటింది. యాసంగి వరి ముమ్మరంగా ఉండే నెల అది. ఏ ఊళ్లో రైతు వరి మాని మక్క వేయబోతున్నాడో, ఏ మిల్లు ఎన్ని మగ్గాలు పెట్టబోతోందో ఢిల్లీలోని కంప్యూటరుకు దానంతట అది తెలియదు. మిల్లు యజమానుల్ని, నీటిపారుదల ఇంజినీర్లను, రైతు సంఘాలను, నగరపాలక సంస్థను కూర్చోబెట్టి అడిగితేనే ఆ అంకె నమ్మదగ్గదిగా ఉంటుంది.

కరెంటు చెప్పిన దారిన పోదు

లాభం ఎవరికి అన్నది ఇంకా చిక్కు ప్రశ్న. ఒక ఊరి కాలువలోకి వదిలిన నీరు ఆ ఊరి తూము దగ్గరే తేలుతుంది, తూము మూస్తే ఆగుతుంది. కరెంటుకు అలాంటి తూములు లేవు. ఏసీ గ్రిడ్‌లో రెండు చోట్ల మధ్య ఎన్ని దారులుంటే అన్నింట్లోనూ, ఏ దారిలో అవరోధం తక్కువుంటే అందులో ఎక్కువగా, తనంతట తానే పంచుకుని పోతుంది. వరోరా నుంచి హైదరాబాద్‌కు అమ్మిన కరెంటులో కొంత భాగం వరంగల్ మీదుగానూ, కొంత నిజామాబాద్ మీదుగానూ, ఇంకొంత కర్ణాటక చుట్టు తిరిగీ రావచ్చు. కొత్త లైను ఒకటి పడితే పాత లైన్లన్నింటి మీద బరువు మారుతుంది. తీగ లాగితే డొంకంతా కదులుతుందన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం.

అందుకే లైను ఏ జిల్లాలో ఉందో చూసి లాభం ఆ జిల్లాదే అనలేం. తమిళనాడు డిస్కమ్‌కు (విద్యుత్ పంపిణీ సంస్థకు) తెలంగాణ మీదుగా వేసిన లైను మేలు చేయవచ్చు. మన పొలంలో టవరు నిలబడ్డా వెలుగు వేరేచోట పడవచ్చు. లాభం పొందేవాడు ఒకచోట, భారం మోసేవాడు ఇంకోచోట ఉంటే వాళ్లిద్దర్నీ ఒకే లెక్కలో చూపించే పని ప్రణాళిక వేసేవాళ్లది.

ఈ నేలకు ఆ ఆలోచన కొత్తది కాదు. చెరువు తవ్వించినవాళ్లకు, దాన్ని బాగుచేస్తూ వచ్చినవాళ్లకు ఆయకట్టులో కొంత భూమినో ఆదాయాన్నో కేటాయించే దశబంధం పద్ధతి కాకతీయుల కాలంలో నడిచింది. ఖర్చు మోసినవాడికి ఫలంలో వాటా ముందే రాసి ఇచ్చేవారు.

ఖర్చు ఎవరి ఖాతాలో

అంతర్రాష్ట్ర లైన్ల ఖర్చును కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ నిబంధనల ప్రకారం దేశంలోని వాడకందారులంతా పంచుకుంటారు. తెలంగాణ వాటాను మన డిస్కమ్‌లు కడతాయి. తర్వాత అది మన టారిఫ్‌లోకి వస్తుంది. రాష్ట్రం లోపలి లైన్ల ఖర్చు తెలంగాణ ట్రాన్స్‌కో ద్వారా అదే బిల్లులోకి చేరుతుంది. అవసరానికి మించి లైను వేసినా, వేసి వాడకపోయినా నష్టం కనబడదు. యూనిట్‌కు కొన్ని పైసల రూపంలో నెలనెలా కరిగిపోతుంది.

కనబడిన సందర్భం ఒకటి తెలంగాణ ఎదుర్కొంది. 2015 సెప్టెంబర్‌లో ఛత్తీస్‌గఢ్ నుంచి 1,000 మెగావాట్లు కొనేందుకు రాష్ట్ర డిస్కమ్‌లు ఒప్పందం చేసుకున్నాయి. ఆ కరెంటు కోసం వార్ధా–డిచ్‌పల్లి–మహేశ్వరం 765 కేవీ లైనులో కారిడార్, అంటే కరెంటు తెచ్చుకునే చోటు, బుక్ చేశాయి. దానికి అదనంగా మరో 1,000 మెగావాట్ల కారిడార్ కూడా బుక్ చేసి, ఆ కరెంటు కొనే ఒప్పందం కుదరక తర్వాత వదులుకున్నాయి. వదులుకున్నందుకు పరిహారంగా కేంద్ర ప్రభుత్వ ట్రాన్స్‌మిషన్ సంస్థ పవర్‌గ్రిడ్ 261 కోట్ల రూపాయలు అడిగింది. ఈ వివాదం ముదిరి 2024 సెప్టెంబర్‌లో తెలంగాణను ఎక్స్ఛేంజీలో కరెంటు కొనకుండా కొద్దిసేపు ఆపే దాకా వెళ్లింది. హైకోర్టు జోక్యంతో ఆ ఆంక్ష తొలగింది. ఒప్పందం మంచిచెడ్డల మీద రాజకీయంగా ఎవరి వాదన వాళ్లది. ప్రణాళిక పాఠం మాత్రం స్పష్టం. కారిడార్ బుక్ చేయడం అంటే అద్దె ఒప్పుకోవడమే. అంత పెద్ద అద్దె ఒప్పుకునే ముందు, ఆ కరెంటు నిజంగా కావాలా అన్న ప్రశ్న మీద బహిరంగ చర్చ జరిగి ఉంటే 261 కోట్ల మాట వచ్చేది కాదేమో.

ఎవరికి ఎప్పుడు తెలుస్తుంది

ఒక అంతర్రాష్ట్ర లైను పుట్టుక ఇలా ఉంటుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, 2021లో పవర్‌గ్రిడ్ నుంచి విడివడ్డ సెంట్రల్ ట్రాన్స్‌మిషన్ యుటిలిటీ అధ్యయనాలు చేస్తాయి. బెంగళూరులోని దక్షిణ ప్రాంత విద్యుత్ కమిటీలో చర్చ జరుగుతుంది. ట్రాన్స్‌మిషన్‌పై జాతీయ కమిటీ సిఫార్సు చేస్తుంది. పెద్ద పథకమైతే కేంద్ర విద్యుత్ శాఖ ఆమోదిస్తుంది. పోటీ టెండరు పిలుస్తారు. తక్కువ చార్జీ కోట్ చేసిన కంపెనీకి పని దక్కుతుంది. ఆ తర్వాతే కంపెనీ వివరమైన సర్వే చేసి, ఏ సర్వే నంబరులో టవరు దిగాలో ఖాయం చేస్తుంది.

ఈ వరుసలోనే లోపముంది. ప్రాంతీయ కమిటీలో ట్రాన్స్‌కోలు, డిస్కమ్‌లు, ఉత్పత్తి సంస్థలు కూర్చుంటాయి. రైతుకు, పంచాయతీకి, నగరపాలక సంస్థకు అక్కడ కుర్చీ లేదు. సమావేశాల మినిట్స్ ఇంటర్నెట్‌లో పెడతారు. అవి ఇంగ్లిషులో, సంక్షిప్తాక్షరాల్లో ఉంటాయి. టెండరులో ధర కోట్ చేసేటప్పటికి తుది మార్గమే తెలియదు. అంటే నేల మీది ఖర్చు తెలియకుండానే 35 ఏళ్ల ధర నిర్ణయమవుతుంది.

ఊరికి మొదటిసారి తెలిసేది సాధారణంగా పేపరు ప్రకటనతో. చిన్న అక్షరాల్లో లైను పేరు, దాని కింద జిల్లాల వారీగా, మండలాల వారీగా ఊళ్ల పేర్లు వరుసగా ఉంటాయి. అభ్యంతరాలుంటే రెండు నెలల్లోగా రాసి పంపమని ఒక చిరునామా ఉంటుంది. ఆ జాబితాలో తన ఊరి పేరు ఉందని ఆ రోజు పేపరు చదివినవాడికే తెలుస్తుంది. ఊరి పేరే తప్ప సర్వే నంబరు ఉండదు కాబట్టి చదివినవాడికి కూడా తన పొలం మీద నుంచి పోతుందో లేదో తెలియదు. ఏం రాయాలి?

ఇంకో మాట. థర్మల్ కేంద్రం కట్టాలంటే 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి. ట్రాన్స్‌మిషన్ లైన్లు ఆ జాబితాలో లేవు. అడవి మీదుగా పోతే అటవీ అనుమతి కావాలి. పొలం మీదుగా పోతే అలాంటి సభ ఏదీ చట్టం కోరదు.

విద్యుత్ చట్టం 2003లోని 164వ సెక్షన్ కింద లైను వేసే సంస్థకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని అధికారాలు ఇవ్వవచ్చు. ఆ చట్టం ప్రకారం భూమిని సేకరించరు. భూమి రైతు పేరు మీదే ఉంటుంది, దాని మీద తీగ పోయే హక్కు మాత్రం సంస్థ తీసుకుంటుంది. వీలైనంత తక్కువ నష్టం చేయాలి, జరిగిన నష్టానికి పూర్తి పరిహారం ఇవ్వాలి. అడ్డుపడితే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతితో పని సాగించవచ్చు. పరిహారం చాలకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లవచ్చు. తంతి తీగల కాలంలో రాసిన ఆ పద్ధతి 765 కేవీ టవర్లకు సరిపోతుందా అన్నది దేశమంతా రైతులు అడుగుతున్న ప్రశ్న. 2007లో కేరళ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. పరిహారం లెక్క కట్టేటప్పుడు భూమి ఎక్కడుంది, తీగ భూమి అంచున పోతోందా మధ్యగా పోతోందా, ఎంత మేర పోతోంది అన్నవి చూడాలని తేల్చింది. అన్ని పొలాలకూ ఒకే సూత్రం పనికిరాదన్నమాట.

ఒక పొలం లెక్క

400 కేవీ లైనుకు రైట్ ఆఫ్ వే, అంటే తీగల కింది పట్టీ, వెడల్పు 46 మీటర్లు. రెండు సర్క్యూట్ల 765 కేవీ లైనుకు 67 మీటర్లు. ఆ పట్టీలో పంట వేసుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు, ఎత్తు పెరిగే చెట్టు ఉండకూడదు. 765 కేవీ లైను ఒక్కో కిలోమీటరు కింద 16 ఎకరాలకు పైగా ఈ పట్టీలోకి వస్తుంది. వరోరా–వరంగల్–కర్నూలు పథకంలో రెండేసి సర్క్యూట్లు ఒకే టవరు మీద పోతాయి కాబట్టి నేల మీది పొడవు 1,756లో సగం దాకా అనుకుంటే, తీగల నీడలోకి వచ్చిన నేల సుమారు 14 వేల ఎకరాలు.

ఒక రైతు పొలం తీసుకుందాం. ఎకరం 20 లక్షలు, అంటే గుంట 50 వేలు అనుకుందాం. 400 కేవీ లైను ఆ పొలంలో 100 మీటర్లు పోతే 4,600 చదరపు మీటర్లు, అంటే ఎకరం ఐదున్నర గుంటలు పట్టీలోకి వస్తాయి. దాని విలువ దాదాపు 22 లక్షల 70 వేలు. కేంద్ర విద్యుత్ శాఖ 2015 మార్గదర్శకాల ప్రకారం పట్టీకి పరిహారం భూమి విలువలో గరిష్ఠంగా 15 శాతం, సుమారు 3 లక్షల 40 వేలు. 2024 జూన్ మార్గదర్శకాలతో అది 30 శాతమైంది, సుమారు 6 లక్షల 80 వేలు. టవరు దిగిన చోటికి పరిహారం 85 శాతం నుంచి 200 శాతానికి పెరిగింది. నాలుగు కాళ్ల మధ్య నేలకు ప్రతి పక్కా ఒక మీటరు కలిపి టవరు స్థలంగా లెక్కిస్తారు. 2025 మార్చిలో పట్టణ ప్రాంతాలకు అనుబంధ మార్గదర్శకాలు వచ్చాయి. వాటి ప్రకారం పట్టీకి మున్సిపాలిటీల్లో 45 శాతం, నగరపాలక సంస్థల్లో 60 శాతం.

ఖిలా వరంగల్ ప్రత్యేకత ఇక్కడ తెలుస్తుంది. చూడటానికి వరి మడి, పరిధి నగరపాలక సంస్థది. అదే 22 లక్షల 70 వేల నేలకు గ్రామ లెక్కన 6 లక్షల 80 వేలు, నగర లెక్కన 13 లక్షల 60 వేలు. అయితే ఈ మార్గదర్శకాలను రాష్ట్రం తన పరిధిలోని లైన్లకు స్వీకరించాలి. భూమి విలువ రిజిస్ట్రేషన్ ధరను బట్టి కట్టాలా, జనం కొంటున్న ధరను బట్టి కట్టాలా అన్నది ఇంకో మెలిక. ఈ సంగతులు ప్రణాళిక దశలోనే తెలిస్తే లైను గీసేవాడు నగర శివారు వదిలి నాలుగు కిలోమీటర్లు చుట్టు తిరగడం చవకని అప్పుడే గ్రహిస్తాడు. టవర్లు లేచాక తెలిస్తే మిగిలేవి కోర్టు కేసులే.

పరిహారం పెంచితే లైను ఖర్చు పెరిగి బిల్లులు పెరుగుతాయన్న వాదన ఉంది. దాన్ని అంకెలతో చూద్దాం. 200 కిలోమీటర్ల 400 కేవీ లైను, రెండు కొసల సబ్‌స్టేషన్లతో కలిపి 1,000 కోట్ల పథకం అనుకుందాం. పట్టీలోకి వచ్చే నేల దాదాపు 2,270 ఎకరాలు. ఎకరం 20 లక్షల చొప్పున పరిహారాన్ని 15 నుంచి 30 శాతానికి పెంచితే అదనపు ఖర్చు సుమారు 68 కోట్లు, అదీ ఒక్కసారే. పెట్టుబడంతా పెట్టేశాక గొడవల వల్ల లైను ఒక్క ఏడాది ఆగితే 9 శాతం లెక్కన వడ్డీయే 90 కోట్లు. ముందు చూసిన 438 కోట్ల ఆదా ఆ ఏడాది రాకుండా పోతుంది. న్యాయమైన పరిహారం కంటే ఆలస్యం ఎన్నో రెట్లు ఖరీదు. రైతుతో ముందే కూర్చుని మాట్లాడటం పథకంలో అన్నిటికంటే చవకైన పని.

జాబితాలో లేని మనుషులు

పట్టాదారు పేరు రికార్డులో ఉంటుంది. ఆ పొలాన్ని కౌలుకు చేస్తున్నవాడి పేరు చాలాసార్లు ఉండదు. టవరు పనికి యంత్రాలు దిగి పంట తొక్కిపోతే నష్టం కౌలు రైతుది, చెక్కు పట్టాదారుది అయ్యే ప్రమాదముంది. వరంగల్ చుట్టూ గట్ల మీద తాటి చెట్లున్నాయి. తాటి చెట్టు ఎత్తు పెరిగే చెట్టు, తీగ కింద ఉండనివ్వరు. చెట్టు కొట్టేస్తే పరిహారం భూమి యజమాని పేరు మీద లెక్క కడతారు. ఆ చెట్టెక్కి కల్లు గీసి ఇల్లు నడిపే గీత కార్మికుడి ఏటేటా ఆదాయం ఎవరి కాగితంలోనూ రాదు. ఊళ్లో నిలబడి అడిగితే ఇలాంటి వాళ్లెందరో ఒక్క పూటలో తెలుస్తుంది. ఉపగ్రహ చిత్రం మీద గీత గీస్తే ఎన్నటికీ తెలియదు. మార్గం ఎంపికకు ఇప్పుడు పీఎం గతిశక్తి పటాలు వాడుతున్నారు. అడవులు, రోడ్లు, రైలు మార్గాలు, రక్షిత కట్టడాలు అందులో కనబడతాయి. మనుషుల బతుకులు కనబడవు.

కట్టడాల సంగతీ అంతే. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు నిర్మాణాలు నిషేధం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రణ. కీర్తి తోరణాల వెనక ఆకాశం 300 మీటర్లతో ఆగదు. వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప కలిపి 2014లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. రామప్ప 2021లో ప్రపంచ వారసత్వ సంపద అయింది. తోరణం వెనక ఉక్కు టవరు లేస్తే పోయేదాని విలువ ఏ రిజిస్ట్రేషన్ కార్యాలయంలోనూ దొరకదు. దాన్ని చెప్పగలిగేది చరిత్రకారులు, గైడ్లు, కోటలోనే పుట్టి పెరిగినవాళ్లు.

ఆలస్యంగా విన్నవాళ్లు, ముందే విన్నవాళ్లు

జర్మనీ ఉత్తరాన గాలి కరెంటును దక్షిణాన పరిశ్రమలకు చేర్చే సూడ్‌లింక్ లైను పొడవు దాదాపు 700 కిలోమీటర్లు. మొదట టవర్ల మీదే వేద్దామనుకున్నారు. ఊళ్లకు ఊళ్లు వ్యతిరేకించాయి. 2015 చివర్లో అలాంటి డీసీ లైన్లను భూగర్భ కేబుల్‌గా వేయడానికి ప్రాధాన్యమిస్తూ చట్టం తెచ్చారు. మార్గం మళ్లీ మొదటి నుంచి గీయాల్సి వచ్చింది. 2022కల్లా కావాల్సిన లైను 2028కి వాయిదా పడింది. ఖర్చు పెరిగింది. ఆ మధ్య కాలమంతా ఉత్తరాన గాలిమరల్ని ఆపి, దక్షిణాన ఇంధనం కాల్చే ఖర్చు జనమే భరించాలి.

అమెరికా ఫెడరల్ నియంత్రణ కమిషన్ 2007లో ఇచ్చిన 890వ ఉత్తర్వు ఇంకో దారి చూపింది. ట్రాన్స్‌మిషన్ సంస్థలు తమ ప్రణాళికను బహిరంగంగా, సంబంధం ఉన్నవాళ్లందరితో కలిసి వేయాలంది. లెక్కల పద్ధతిని, వాడిన అంచనాలను బయటపెట్టాలంది. ఫలానా చోట రద్దీ వల్ల మాకు కరెంటు ఖరీదవుతోంది, దీన్ని అధ్యయనం చేయండి అని వాడకందారులే కోరే హక్కు ఇచ్చింది. ఏటా కొన్ని అధ్యయనాలు అలా చేయాల్సిందే. 2011 నాటి 1000వ ఉత్తర్వు లాభం పొందేవాళ్లే ఖర్చు పంచుకోవాలన్న సూత్రాన్ని గట్టిపరచింది. 2024 నాటి 1920వ ఉత్తర్వు కనీసం 20 ఏళ్ల ముందుచూపు కోరింది. అక్కడా లైన్ల మీద తగవులు ఆగలేదు. తగవు మాత్రం లెక్కల మీద, లెక్కలు బల్ల మీద ఉండగా జరుగుతుంది.

వరంగల్‌లో ఏం చేయవచ్చు

మన దగ్గర వేదిక అసలే లేదనలేం. 1999లో ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి కాలం నుంచి తెలుగు నేలలో కరెంటు చార్జీల మీద బహిరంగ విచారణల సంప్రదాయం ఉంది. రైతు సంఘాల నాయకులు, పాత్రికేయులు, రిటైర్డు ఇంజినీర్లు, చిన్న పరిశ్రమల వాళ్లు డిస్కమ్‌ల లెక్కల్ని పేజీ పేజీ తిరగేసి ప్రశ్నలు రాసేవారు. సంస్థలు లిఖితపూర్వకంగా జవాబు చెప్పేవి. ఆ సంప్రదాయమే తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలిలో (ఈఆర్సీలో) కొనసాగుతోంది. ఉత్తర తెలంగాణకు కరెంటు ఇచ్చే ఎన్పీడీసీఎల్ కేంద్ర కార్యాలయం హనుమకొండ నక్కలగుట్టలోనే ఉంది. ట్రాన్స్‌కో 2024–25 నుంచి 2028–29 వరకు ఐదేళ్ల పెట్టుబడి ప్రణాళికను ఆ మండలి ముందు పెట్టింది. ఆ ప్రణాళికల మీద అభ్యంతరం రాయడం ప్రతి వినియోగదారుడి హక్కు. చార్జీ ఎంతన్న దాని మీద వందల ప్రశ్నలు వస్తాయి. ఆ చార్జీకి మూలమైన లైను ఎందుకన్న దాని మీద రావాల్సినన్ని రావడం లేదు.

అందుకని నాలుగు పనులు అడగాలి. మొదటిది, పెద్ద లైను ఏదైనా టెండరుకు వెళ్లేముందే, మార్గం ఇంకా రెండు మూడు ప్రత్యామ్నాయాలుగా ఉన్నప్పుడే, అది తాకే ప్రతి మండలంలో ఒక సభ పెట్టాలి. తహసీల్దారు, ట్రాన్స్‌మిషన్ ఇంజినీరు, నగరపాలక సంస్థ, అవసరమైతే పురావస్తు శాఖ అక్కడ ఉండాలి. కౌలు రైతులను, గీత కార్మికులను పేరుపేరునా పిలవాలి. రెండోది, లైను లాభనష్టాల పట్టిక తెలుగులో రెండు పేజీల్లో ఇవ్వాలి. ఎంత కరెంటు వస్తుంది, ఎవరికి ఎంత ఆదా, యూనిట్‌కు ఎన్ని పైసలు భారం, అంచనా తప్పితే ఏమవుతుంది అన్నవి అందులో ఉండాలి. మూడోది, లైనుకు బదులు ఇంకేదైనా చవకవుతుందా అన్న ప్రశ్నకు అదే పట్టికలో జవాబు ఉండాలి. మోటార్లకు పగటి సోలారు, సబ్‌స్టేషన్‌లో బ్యాటరీ, పాత లైను తీగల మార్పు, నగరంలో సన్నటి మోనోపోల్, కోట దగ్గర భూగర్భ కేబుల్ – వీటిలో ఏది పరిశీలించారో, ఎందుకు వద్దనుకున్నారో రాయాలి. నాలుగోది, పేపరు ప్రకటనలో ఊరి పేరుతోపాటు సర్వే నంబర్లు ఉండాలి, పరిహారం రేటు ముందే ప్రకటించాలి.

సభ పెట్టినంత మాత్రాన అందరూ ఒప్పుకుంటారని కాదు. తన పొలం మీద టవరు ఎవరికీ ఇష్టం ఉండదు. దేశానికి లైన్లు కావాలి. ఎండ, గాలి ఉన్న చోట పుట్టే కరెంటును ఊళ్లకు చేర్చడానికి రాబోయే కాలంలో ఇంకా చాలా కావాలి. వాటిని వేగంగా వేయాలంటేనే ముందుగా మాట్లాడాలి. అడిగి తెలుసుకున్న మార్గం ఒక్కోసారి నాలుగు కిలోమీటర్లు ఎక్కువ పొడవుంటుంది, నాలుగేళ్లు ముందు పూర్తవుతుంది. ఈసారి పేపర్లో ఊళ్ల జాబితాతో అలాంటి ప్రకటన వస్తే చదవండి. పక్కింటివాళ్లకు చదివి వినిపించండి. గడువులోగా ఒక కాగితం రాయండి, అందులో ఆ లైను లెక్కలు చూపించమని అడగండి. బిల్లు కట్టేవాళ్లం మనం, నేల ఇచ్చేవాళ్లం మనం. లెక్క చూసే హక్కు కూడా మనదే.